ఒక తీగ – పలువురి వంతు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. మా పెద్దలు పట్వారీ లెక్కలు వ్రాసినవారు. ఆ పదవులు 1984 లో తొలగిపోయినవి. నేను ఈ గ్రామమున సహకార సంఘపు పద్దులు వ్రాయుచు కాలము గడుపుచున్నాను. భారత భాగవతములను గురుముఖమున చదువుకొను భాగ్యము నాకు కలుగలేదు. ఈ గ్రంథాలయపు బల్లమీదనే, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, తెలిసినంత తెలిసికొంటిని. కావున ఈ సంస్థకు నేను బాకీపడినవాడను. ఆ బాకీలో ఒక పైసయైన తీర్చుకొందునేమో యను ఆశతో నేడు ఒక లెక్కల విషయమునే మీ ముందుంచుచున్నాను.

ఈ సంవత్సరము మన గ్రంథాలయమున పాఠకులకొరకు ఇంటర్నెట్టు తీగ వేయించవలెనని తీర్మానము జరిగినది. మంచిదే. కాని ఒక తీగను పదిమంది వాడుకొనునప్పుడు ఎవరికెంత అను ప్రశ్న పుట్టును. అన్నదమ్ముల దాయభాగమునకు విజ్ఞానేశ్వరుడు ధర్మము చెప్పెను. కేతన దానిని తెలుగున పెట్టెను. ఈ క్రొత్త ఆస్తికి ధర్మశాస్త్రము లేదా యని కొంతకాలము వెదకితిని. ఉన్నదని తెలిసినది. దానిని వ్రాసినవారు ఋషులు గారు, గణితజ్ఞులు.

గ్రంథాలయమనగా పంచుకొనుటకు పుట్టిన సంస్థ. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదునందలి నేటి సుల్తాన్ బజారు ప్రాంతమున, రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు దాని స్థాపనకు పూనుకొన్న మహనీయులు. పుస్తకము కొనలేనివాడు పుస్తకము చదువకూడదా? చదువవచ్చును, ఒక ప్రతిని పలువురు పంచుకొన్నచో. ఆ సమాధానమే గ్రంథాలయోద్యమమునకు మూలము. ఆ సుల్తాన్ బజారునుండియే నేటి నా యుదాహరణముగూడ వచ్చుచున్నది.

మొదట పంచవలసిన వస్తువేమో తెలిసికొందము. ధాన్యమును పంచుట వేరు, కాలువనీటిని పంచుట వేరు. ధాన్యము గాదెలో నిలుచును; నేడు తినని గింజ రేపు ఉపయోగపడును. తీగలోని వేగము అట్టిది కాదు. ఈ సెకనులో వాడుకొనని వేగము వచ్చు సెకనుకు మిగులదు. తూము తెరచియుండగా పొలమునకు పెట్టుకొనని నీరు వాగులో కలసినట్లు అది పోవును. కావున “ఎవరి వంతు వారికి వ్రాసియిచ్చి తాళము వేయుదము” అను పద్ధతి ఇక్కడ చెల్లదు. రాత్రి అందరును నిద్రించుచుండగా మేలుకొన్నవాడు ఒక్కడు తన చిన్న వంతుతోనే కాలక్షేపము చేయవలసిన పనిలేదు.

వేగమును సెకనుకు ఇన్ని బిట్లని కొలుతురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. అంగడివాడు 40 మెగాబిట్లని చెప్పినచో సెకనుకు 5 మెగాబైట్లు వచ్చునని అర్థము. ఈ భాగహారము తెలియక మోసపోయితిమని వగచువారు పలువురు. మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న లభించినది. 2004 లో సెకనుకు 256 కిలోబిట్లు వచ్చిన చాలును, అది బ్రాడ్‌బ్యాండు అనిరి. 2013 లో దానిని 512 చేసిరి. 2023 లో 2 మెగాబిట్లు చేసిరి. కొలత పెరిగినది, తగవు మాత్రము తగ్గలేదు. ఏలననగా తీగ పెరిగినకొలది ఆకలియు పెరుగుచున్నది.

ఇక ఉదాహరణము. సుల్తాన్ బజారు సందులలో మా బావగారి పాత యిల్లు ఒకటి కలదు. డంగుసున్నపు గోడలు, మూడు వాటాలు. క్రింద బావగారి కుటుంబము, మా మేనత్తగారు. నడిమి వాటాలో పెండ్లిండ్లకు ఛాయాచిత్రములు తీయు వృత్తిగల దంపతులు. పై గదిలో మన గ్రామపు ఆడపిల్లలిద్దరు. పెద్ద పిల్ల పోటీపరీక్షలకు చదువుచున్నది. పగలు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున కూర్చుండును. అశోక్‌నగరు వీథులలో అట్లు ఉద్యోగార్థులై చదువుకొను యువతీయువకులను మీరును చూచియుందురు. సాయంకాలము ఏడు మొదలు తొమ్మిదివరకు గదిలో పాఠము వినవలెను. ఆదివారము నమూనా పరీక్ష వ్రాయవలెను. అవి రెండును తీగమీదనే.

మూడు వాటాలకు కలిపి 40 మెగాబిట్ల తీగ ఒకటి. నెలకు 900 రూపాయలు, వాటాకు 300. లెక్క సరిగానున్నది. కాని వ్యవహారము సరిగాలేదు. రాత్రి భోజనాలవేళ నడిమి వాటావారు పెండ్లి చిత్రములను పంపనారంభింతురు. క్రింద టెలివిజనులో సినిమా నడచుచుండును. మేనత్తగారు దూరదేశమున నున్న మనుమనితో మాటలాడుచుందురు. ఆ సమయముననే పైగదిలో పాఠము ఆగిపోవును, గురువుగారి ముఖము బొమ్మవలె నిలిచిపోవును. ఒక ఆదివారము పరీక్ష నడుమ తీగ కదలక ఆ పిల్ల సమాధానములు చేరనేలేదు. అది నమూనా పరీక్షయే కాని, నిజమైన పరీక్షకు దరఖాస్తు పంపవలసిన కడపటి రాత్రియు ఇట్లే యగునేమో యని వారికి భయము పట్టుకొన్నది.

పద్దులు వ్రాయువాడనని నన్ను మధ్యవర్తిగా పిలిచిరి. నడిమి వాటా ఆయన, “అన్నా, నేనును మూడవవంతు డబ్బు ఇచ్చుచున్నాను గదా, నాకు పనియే జీవనము” అనెను. అదియు సత్యమే. పెద్ద పిల్ల ఒక్కమాట చెప్పినది: “బాబాయిగారూ, నాకు ఎక్కువ అక్కరలేదు. కావలసిన ఆ కొంచెము తెగకుండ వచ్చిన చాలును.” శాస్త్రమంతయు ఆ వాక్యమున నున్నదని నాకు తరువాత తెలిసినది.

ఆ యింటి అవసరములను నేను కాగితముపై నిట్లు వ్రాసితిని. పాఠమునకు 2 మెగాబిట్లు, మేనత్తగారి మాటకు 3, సినిమాకు 15, చిత్రములు పంపువారికి ఎంత ఇచ్చిన అంత, 50 అనుకొందము. మొత్తము కోరిక 70, ఉన్నది 40. ఇవి అన్నియు ఒకే దిక్కున పోవునవి కావు, కొన్ని ఇంటికి వచ్చును, కొన్ని ఇంటినుండి పోవును. లెక్క తెలియుటకై ఒకే కాలువగా తీసికొనుచున్నాను. ఎట్లు పంచవలెను?

మన ప్రాచీన గణితమున ఒక పద్ధతి కలదు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. దానినే మన పావులూరి మల్లన తెలుగు చేసెను. పెట్టుబడి ననుసరించి లాభమును పంచు ప్రక్షేపక విధానము ఆ సంస్కృత గ్రంథమున నున్నది. దానినిబట్టి ప్రతివానికి కోరినదానిలో ఏడింట నాలుగు వంతులు వచ్చును. పాఠమునకు 1.14, మాటకు 1.71, సినిమాకు 8.57, చిత్రములకు 28.57. లెక్క తప్పులేదు, న్యాయము మాత్రము తప్పినది. పాఠము తెగును, మాట తెగును, సినిమా ఆగును. అందరికన్న ఎక్కువ అడిగినవానికే అన్నింటికన్న ఎక్కువ ముట్టును. వ్యాపారమున పెట్టుబడి పెట్టుటకు ధనము వ్యయమగును, కావున అక్కడ ప్రక్షేపకము ధర్మము. ఇచ్చట కోరుటకు వ్యయము లేదు. 50 అనినవాడు రేపు 100 అనవచ్చును. అడిగినకొలది ఇచ్చు ధర్మము ఆశను పెంచు ధర్మమగును.

రెండవ పద్ధతి వినుడు. నలుగురికి సమముగా పదేసి యనుకొనుము. పాఠమునకు రెండే చాలును, తీసికొని మిగిలినది విడుచును. మాటకు మూడు చాలును. మిగిలినది 35. దానిని ఇద్దరికి పంచిన 17.5 చొప్పున వచ్చును. సినిమాకు 15 చాలును. తక్కిన 20 చిత్రములు పంపువారికి. కూడి చూడుడు: 2, 3, 15, 20, మొత్తము 40. ముగ్గురికి లోటులేదు. నాల్గవవాడుగూడ అందరికన్న ఎక్కువే పొందెను. ఎంత అబద్ధమాడి 500 అడిగినను అతనికి 20 దాటదు. మితముగా అడిగినవాని కడుపు మొదట నింపి, మిగిలినదానిని పెద్ద ఆకలిగలవారికి సమముగా పెట్టుట ఈ న్యాయము. బంతిలో వడ్డించువారు ఎరిగినదే.

అయితే రౌటరు అను ఆ చిన్న పెట్టెకు ఎవరి అవసరమెంతో ఎవరు చెప్పవలెను? ఎవరును చెప్పనక్కరలేదు. మనము పంపు సమాచారమంతయు ప్యాకెట్లను చిన్న మూటలుగా పోవును. సామాన్యముగా పెట్టెలో ఒకే వరుస యుండును. ముందు వచ్చిన మూట ముందు పోవును. అప్పుడు వేయి మూటలు ఒక్కసారి తెచ్చి పడవేసినవాని వెనుక ఒక్క మూట తెచ్చినది నిలువవలసివచ్చును. 1985 లో జాన్ నేగిల్ ఒక ఉపాయము చెప్పెను: ఎవరి వరుస వారికి ప్రత్యేకింపుము, ఒక్కొక్క వరుసనుండి ఒక్కొక్క మూట చొప్పున తిరుగుచు తీయుము, వరుస ఖాళీగా నున్నచో దానిని దాటిపొమ్ము. ఇంతే. నేను కాగితముపై చేసిన పంపకము ఈ తిరుగుడుచేతనే సిద్ధించును. కాని మూటలన్నియు ఒకే పరిమాణము కావు. పెద్ద మూటలు కట్టినవాడు లాభపడును. ఆ లోపమును 1989 లో డెమెర్స్, కేశవ్, షెంకర్ అను మువ్వురు సవరించిరి. 1995 లో శ్రీధర్, వర్గీస్ అనువారు దానినే సులభము చేసిరి. వారి పద్ధతి నా వృత్తికి దగ్గరది. ప్రతి వరుసకు ఒక పద్దు. ప్రతి తిరుగుడులో కొంత జమ. మూట పెద్దదై జమ చాలనిచో ఆ మొత్తము ముందునిలువగా తరువాతి తిరుగుడుకు పోవును. ఇంత చక్కని చిట్టా వ్రాయు గుమాస్తా నాకు తెలిసినంతలో మరియొకడు లేడు!

వరుసల విషయమున మరియొక సూక్ష్మము కలదు. మూటలు పోగొట్టుకొనరాదను మంచి యుద్దేశముతో పెట్టెలు చేయువారు లోపల పెద్ద గిడ్డంగి పెట్టిరి. గిడ్డంగి నిండినచో ఏమగును? 40 మెగాబిట్ల తీగమీద సెకనుకు 5 మెగాబైట్లు పోవునని చెప్పితిని. గిడ్డంగిలో రెండున్నర మెగాబైట్లు నిలిచియుండగా వచ్చిన క్రొత్త మూట అర సెకను ఆగవలెను. సినిమాకు అర సెకను లెక్కలేదు. సంభాషణకో, ఒకవైపున మాట చేరుటకు 150 మిల్లీసెకనులు దాటినచో ఇబ్బంది మొదలగును. వేగము తక్కువయని మనము వగచుచుందుము. నిజమునకు రోగము జాప్యము. అందుచేతనే తీగను రెండింతలు చేయించినను కొందరి యింట పాఠము తెగుచునే యుండును.

ఈ రద్దీ చిన్న విషయము గాదు. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, దాని ప్రక్కనే సుమారు 400 గజముల దూరముననున్న విశ్వవిద్యాలయమునకును నడుమ వేగము సెకనుకు 32,000 బిట్లనుండి 40 బిట్లకు పడిపోయినది. దారి దొరకలేదని ప్రతివాడును మూటను మరల మరల పంపుటచేత ఎవ్వనికిని దారి లేకపోయెను. వాన్ జాకబ్సన్ దానికి మందు కనుగొని 1988 లో ప్రకటించెను: దారి క్రిక్కిరిసినదని తెలిసినవెంటనే ఎవరికివారు వెనుకకు తగ్గవలెను. నేటి ఇంటర్నెట్టు ఆ మర్యాదమీదనే నిలిచియున్నది. ఆయనయే 2012 లో కాథ్లీన్ నికోల్స్‌తో కలసి గిడ్డంగిని అదుపుచేయు కోడెల్ అను పద్ధతిని వెలువరించెను. మూట ఎంతసేపు నిలిచినదో అది కొలుచును. నిరీక్షణ 5 మిల్లీసెకనులకు మించి ఎడతెగక కొనసాగినచో ఒక మూటను జారవిడిచి పంపువానికి హెచ్చరిక చేయును. వేరువేరు వరుసల పద్ధతియు, ఈ గడియారమును కలసినది ఎఫ్.క్యు.-కోడెల్, 2018 లో దానిని వివరించు పత్రము వెలువడినది. అప్పుడప్పుడు ఒక్క మూట తెచ్చువానికి అది ముందుగా దారి విడుచును. గ్రంథాలయములో పుస్తకమిచ్చి పోవువానిని, పది పుస్తకములు వెదకువానికన్న ముందు పంపివేయుట వంటిది.

ఇప్పుడు యంత్రన్యాయమునకును మనుష్యన్యాయమునకును గల భేదము చెప్పెదను. ఈ వరుసలు మనుష్యులకు కావు, ప్రవాహములకు. దింపుకొను సాధనము ఒకడు ఎనిమిది ప్రవాహములు తెరచి, రెండవవాడు ఒక్కటి తెరచినచో, మొదటివానికి తొమ్మిదింట ఎనిమిది వంతులు పోవును. 1984 లో రాజ్ జైన్ మొదలగువారు న్యాయమును కొలుచు సూచిక నొకదానిని చేసిరి. అందరికి సమమైనచో 1; ఇద్దరిలో ఒక్కడే మ్రింగినచో అర. నేను చెప్పిన పంపకమునకు గుణించి చూడగా 0.62 వచ్చినది. ప్రవాహముల దృష్టిలో సంపూర్ణ సమత్వము, మనుష్యుల దృష్టిలో అన్యాయము. ఈ లోపమునకు కేక్ అను పద్ధతిలో కొంత చికిత్స కలదు. అది మొదట యంత్రముల నడుమ పంచి, తరువాత ప్రవాహముల నడుమ పంచును. అయినను ఇంట నాలుగు యంత్రములుగల సంపన్నునికి నాలుగు వంతులు, ఒక్క ఫోనుగల పేద విద్యార్థికి ఒక్క వంతు. ఆ లెక్కను పెట్టె సరిదిద్దదు. నలుగురు కూర్చుండి మాటలాడుకొని సరిదిద్దుకొనవలెను.

గోడల సంగతియు కలదు. సుల్తాన్ బజారు యింటివలె మందపు గోడలున్నచోట వై-ఫై తరంగములు క్షీణించును. దూరపు గదిలోని ఫోను మెల్లగా మాటలాడును. గాలి ఒక్కటే గావున, ఒకరు మాటలాడుచున్నంతసేపు తక్కినవారు ఆగవలెను. మెల్లగా మాటలాడువాడు అదే మాటకు ఎక్కువ కాలము తీసికొనును, అందుచేత అందరికిని ఆలస్యము. దూరపు గదికి చక్కగా తీగ లాగుటవలన ఆ గదికే గాక ఇంటికంతటికిని మేలు కలుగును.

ఆ యింట చివరకు జరిగినది చెప్పెదను. పై గదికి తీగ లాగించిరి. వరుసలు వేరుచేయు ఏర్పాటుగల రౌటరును మువ్వురును కలసి కొనిరి. దానిలో హద్దును 40 గాక 37 అని పెట్టిరి. మూడు మెగాబిట్లు నష్టమా యని బావగారు ప్రశ్నించిరి. నష్టము గాదు. పూర్తిగా 40 విడిచినచో వరుస తీగ యిచ్చువాని గిడ్డంగిలో పేరుకొనును, అక్కడ మన ధర్మము చెల్లదు. కొంచెము తక్కువగా విడిచినచో వరుస మన గుమ్మములోనే నిలుచును, దానిని మనమే నడుపవచ్చును. ఇక పెద్ద చిత్రములను రాత్రి పదకొండు దాటిన పిదప పంపవలెనని ఒప్పుకొనిరి. తొందర పని యున్న దినమున ముందుగా చెప్పి పంపవచ్చును. పరీక్ష యున్న దినమున పిల్లలును ముందుగా చెప్పుదురు. రౌటరు రహస్యపదము ఒక్కరి చేతిలో నుండక ముగ్గురి వద్దను ఉన్నది. దానిని పట్టుకొన్నవారు ఎవరు ఏమి చూచుచున్నారని పరిశీలింపరాదని గూడ వ్రాసికొనిరి. తూము తాళపుచెవి గలవానికి పొరుగువాని పొలములో ఏ పైరున్నదో విచారించు అధికారము లేదు గదా. ఇంత జరిగిన పిమ్మట సాయంకాలపు పాఠములు తెగుట నిలిచినది. చిత్రములు వ్రేలాడుచున్నవని నడిమి వాటావారును అనలేదు. నిద్రించువేళ తీగయంతయు వారిదే.

ఇక మన గ్రంథాలయమునకు నా మనవి. తీగ వేయించు దినముననే ఈ నియమములను గోడకు వ్రాయింతుముగాక. వంతు యంత్రమునకు గాక పాఠకునికి. ఒక సభ్యత్వపు చీటికి ఒక ఆసనము. దరఖాస్తులకు, పరీక్షలకు, పాఠములకు వచ్చినవారికి మొదట చోటు. వినోదము మిగిలిన కాలమున. పెట్టెలో వరుసలు వేరుచేయు ఏర్పాటు తప్పక యుండవలెను. కొనునప్పుడే అడిగి తీసికొనవలెను. ఎవరేమి చదివిరో వ్రాసియుంచు పుస్తకము వలదు. మూడు నెలలకొకసారి పాఠకుల సభ చేసి, నియమములు ఎవరికి కష్టముగా నున్నవో అడుగవలెను. అడుగునప్పుడు మూలనున్న ఆసనముననుండి మొదలుపెట్టవలెను. కాలువ చివరి పొలము తడిసినదా లేదా అనునదియే నీటి లెక్కకు పరీక్ష.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును చూచునాటికి తీగలు మారవచ్చును, పెట్టెలు మారవచ్చును. కొంచెము అడిగినవారికి ఆ కొంచెము తెగకుండ అందు ఏర్పాటు మాత్రము మారకుండుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.